కణానికి కనిపించేది పైపొరే: కరిగిపోయే పాలిమర్ మీద మూలకణాలను నిలబెట్టడం ఎలా?

తాంబూలంలోకి వాడే సున్నాన్ని చిన్న చిన్న ప్లాస్టిక్ ప్యాకెట్లలో అమ్ముతారు. పిల్లలు ఆడుకుంటూ దాన్ని గట్టిగా నొక్కుతారు, అది పగిలి నేరుగా కంట్లోకి చిమ్ముతుంది. మన దేశంలో చిన్నపిల్లల కళ్లు రసాయనాలతో కాలిపోవడానికి ఉన్న ముఖ్య కారణాల్లో ఇదొకటి. ఇలా జరిగితే ఆసుపత్రికి బయల్దేరే ముందే, అక్కడికక్కడే, కంటిని తెరిచి పట్టుకుని పావుగంట నుంచి అరగంట సేపు ధారగా మంచినీళ్లు పోసి కడగాలి. ఈ వ్యాసంలో ఇంకేదీ గుర్తుండకపోయినా ఈ ఒక్క మాట గుర్తుంటే చాలు.

సున్నం క్షారం. కణాల పైపొరల్లోని కొవ్వును సబ్బుగా మార్చుకుంటూ లోపలికి దిగుతుంది. నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచు దాకా ఆ మంట పాకితే అసలు కష్టం మొదలవుతుంది. ఆ అంచుకు లింబస్ అని పేరు. కార్నియా, అంటే నల్లగుడ్డు ముందుండే పారదర్శకమైన పొర, అర మిల్లీమీటరు మందం ఉంటుంది. దాని పైభాగాన ఐదారు వరసల కణాలు ఉంటాయి. అవి ఎప్పటికప్పుడు రాలిపోతూ, వారం పది రోజుల్లో మొత్తం కొత్తవి వచ్చేస్తాయి. ఆ కొత్త కణాలను పుట్టించే మూలకణాలు లింబస్‌లోనే ఉంటాయి. అవి చచ్చిపోతే కార్నియా మీద ఖాళీ అయిన చోటుని తెల్లగుడ్డు వైపు పొర, రక్తనాళాలతో సహా, ఆక్రమిస్తుంది. చూపు మసకబారి పోతుంది. నేత్రదానంలో వచ్చిన కార్నియాను తెచ్చి కుట్టినా నిలవదు. ఎందుకంటే దాని పైకణాలు రాలిపోయాక కొత్తవి ఇచ్చే మూలం ఆ కంట్లో లేదు.

దీనికి విరుగుడు మూలకణాలనే తెచ్చి పెట్టడం. 1997లో ఇటలీకి చెందిన గ్రాజియెల్లా పెల్లెగ్రిని, మికెలె డి లూకా బృందం రోగి రెండో కంటి నుంచి చిటికెడు లింబస్ తీసి, ల్యాబ్‌లో పెంచి, దెబ్బతిన్న కంటికి అతికించి దారి చూపించింది. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో 2001 నుంచి ఈ చికిత్స చేస్తున్నారు. అక్కడ పదేళ్లలో చికిత్స పొందిన 200 మంది వివరాలు 2011లో ప్రచురించారు. వారిలో 71 శాతం మందికి కార్నియా పైపొర స్థిరంగా నిలిచింది. 2012లో వీరేందర్ సింగ్ సంగ్వాన్, ఆయన సహచరులు దీన్ని ఇంకా సులువు చేశారు. ల్యాబ్ అవసరమే లేకుండా, ఆరోగ్యంగా ఉన్న కంటి నుంచి తీసిన రెండు మిల్లీమీటర్ల ముక్కను ఎనిమిది పది తునకలు చేసి, అదే ఆపరేషన్‌లో దెబ్బతిన్న కంటి మీద ఫిబ్రిన్ (రక్తం గడ్డకట్టేటప్పుడు ఏర్పడే ప్రొటీన్) జిగురుతో అంటించేయడం. ఈ పద్ధతి పేరు స్లెట్. 2016లో ప్రచురించిన 125 కళ్ల ఫలితాల్లో 76 శాతం సఫలమయ్యాయి. కోట్లు ఖర్చయ్యే కల్చర్ ల్యాబ్ లేని ఊళ్లో కూడా ఒక మంచి కార్నియా సర్జన్ ఈ ఆపరేషన్ చేయగలగడం నా దృష్టిలో చాలా పెద్ద విషయం.

ఈ రెండు పద్ధతుల్లోనూ కణాలకు కింద ఒక పరుపు కావాలి. ఇన్నాళ్లుగా ఆ పని చేస్తున్నది ఉమ్మనీటి సంచి పొర. సిజేరియన్ కాన్పు తర్వాత తల్లి అనుమతితో మాయ నుంచి ఆ పొరను వేరుచేసి, హెచ్‌ఐవీ, హెపటైటిస్, సిఫిలిస్ లాంటి పరీక్షలు చేసి, గడ్డకట్టించి నిల్వ చేస్తారు. మంచి పదార్థమే. అయితే ఒక తల్లి నుంచి వచ్చిన పొర ఇంకో తల్లి పొరలా ఉండదు. ఒకే పొరలో కూడా మాయకు దగ్గరగా ఉన్న భాగం ఒక మందం, దూరంగా ఉన్నది ఇంకో మందం. దాన్ని సేకరించి దాచే టిష్యూ బ్యాంకు ఉండాలి. అది లేని చోట చికిత్స ఆగిపోతుంది.

అందుకే శరీరంలో కరిగిపోయే పాలిమర్‌తో పొర తయారుచేయాలన్న ఆలోచన వచ్చింది. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయంలో షీలా మెక్‌నీల్, ఫ్రెడరిక్ క్లేసెన్స్ బృందాలు, హైదరాబాద్ కంటి ఆసుపత్రి పరిశోధకులు కలిసి పీఎల్‌జీఏ అనే పాలిమర్‌తో ఈ పని మొదలుపెట్టారు.

పీఎల్‌జీఏ మనకు కొత్తదేమీ కాదు. ఆపరేషన్ తర్వాత తీయించుకోనక్కర్లేని కుట్ల దారం ఈ కుటుంబానిదే. 1970ల మొదట్లోనే ఈ దారాలు మార్కెట్లోకి వచ్చాయి. లాక్టిక్ ఆమ్లం, గ్లైకాలిక్ ఆమ్లం అనే రెండు చిన్న అణువులను గొలుసుగా కలిపితే పీఎల్‌జీఏ. ఆ గొలుసు లంకెలను నీరే తెంచుతుంది. తెగాక మిగిలే లాక్టిక్ ఆమ్లం మనం పరుగెత్తినప్పుడల్లా కండరాల్లో పుట్టేదే, శరీరం దాన్ని చివరికి నీరుగా, కార్బన్ డయాక్సైడ్‌గా మార్చేస్తుంది. రెండు ఆమ్లాలు సగం సగం ఉన్న పీఎల్‌జీఏ నెలా రెండు నెలల్లో కరుగుతుంది. దాని చుట్టమైన పీసీఎల్‌కి రెండేళ్లు దాటుతుంది. కంటికి ఇంత కాలం అక్కర్లేదు కాబట్టి పీఎల్‌జీఏని ఎంచుకున్నారు. పాలిమర్ ద్రావణాన్ని సిరంజిలో పోసి, సూది మొనకు వేల వోల్టుల కరెంటు ఇస్తే జుట్టు కంటే ఎన్నో రెట్లు సన్నని పోగు బయటికి లాగబడుతుంది. అలా పేర్చిన పోగుల చాపే ఆ పొర. దీన్ని ఎలక్ట్రోస్పిన్నింగ్ అంటారు.

విషపూరితం కాదు, కరిగిపోతుంది, దశాబ్దాల అనుభవం ఉంది. మరి దాని మీద కణాలు వేస్తే సరిపోతుందా? ఈ రంగంలో వచ్చే పేపర్లలో సగానికి సగం ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి. జవాబు పాలిమర్ లోపల ఉండదు. పైన, కొన్ని నానోమీటర్ల మందంలో ఉంటుంది.

మొదటి గంటలో జరిగేది

పీఎల్‌జీఏ, పీఎల్‌ఏ (లాక్టిక్ ఆమ్లం ఒక్కదాని గొలుసు), పీసీఎల్ ఏదైనా సరే, నున్నటి పలక మీద ఒక నీటిబొట్టు వేసి పక్క నుంచి చూడండి. బొట్టు పూర్తిగా పరుచుకోదు, గుమ్మటంలా నిలబడుతుంది. పలకకీ బొట్టు అంచుకీ మధ్య కోణం కొలిస్తే 70 నుంచి 85 డిగ్రీల మధ్య వస్తుంది. తామరాకు మీద ఈ కోణం 150 డిగ్రీలు దాటుతుంది, అందుకే అక్కడ బొట్టు ముత్యంలా దొర్లిపోతుంది. మన పాలిమర్లు అంత మొండివి కావు. కానీ నీటికి మనస్ఫూర్తిగా చోటిచ్చేవీ కావు.

ఇప్పుడు ఆ పలకను కణాలు పెంచే ద్రవంలో ముంచుదాం. ఆ ద్రవంలో సీరం ఉంటుంది, సీరంలో వందల రకాల ప్రొటీన్లు ఉంటాయి. కణం అడుగుకు చేరేలోగానే, సెకన్లలో, ఈ ప్రొటీన్లు పలకంతా కప్పేస్తాయి. ముందు సంఖ్యలో ఎక్కువ ఉన్నవి, చిన్నవి వస్తాయి. తర్వాత వాటిని తోసి, గట్టిగా అతుక్కునే పెద్దవి ఆ చోటు తీసుకుంటాయి. దీన్ని వ్రోమన్ ప్రభావం అంటారు. కణం కిందికి దిగేసరికి దానికి పాలిమర్ కనిపించే అవకాశమే లేదు. దానికి తగిలేది ఈ ప్రొటీన్ల తివాచీ.

ఆ తివాచీలో ఏ ప్రొటీన్ ఎంత ఉంది, ఏ భంగిమలో ఉంది అన్నదే కణానికి ముఖ్యం. మన రక్తంలో ఆల్బుమిన్ మిల్లీలీటరుకు 35 నుంచి 50 మిల్లీగ్రాములు ఉంటే ఫైబ్రోనెక్టిన్ 0.3 మిల్లీగ్రాముల దగ్గర ఉంటుంది. ఆల్బుమిన్‌ను కణం పట్టుకోలేదు. ఫైబ్రోనెక్టిన్‌ను పట్టుకుంటుంది. నీటిని దూరం పెట్టే పలక మీద ఆల్బుమిన్ గట్టిగా అతుక్కుని కదలకుండా కూర్చుంటుంది. ఫైబ్రోనెక్టిన్ వచ్చినా, నీటికి భయపడే తన లోపలి భాగాలను ఆ పలకకు అంటించేసుకుని రూపం చెడగొట్టుకుంటుంది. కణం పట్టుకోవాల్సిన భాగం అడుగున పడిపోతుంది. నీటికి కాస్త దగ్గరైన పలక మీద, అంటే ఆ కోణం 40 నుంచి 70 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు, ఫైబ్రోనెక్టిన్ ఎక్కువగా సరైన రూపంలో నిలుస్తుంది. మరీ నీటిని పీల్చుకునే పలక అయితే మళ్లీ చిక్కే. దాని మీద నీటి పొర గట్టిగా నిలబడి ప్రొటీన్లనే రానివ్వదు. పాలిఇథిలీన్ గ్లైకాల్ పూతలు చేసే పని అదే, కణాలు అంటకూడదు అనుకున్న చోట వాటిని కావాలనే వాడతారు.

ఫైబ్రోనెక్టిన్ సరిగ్గా నిలబడితే కణం పైపొరలోని ఇంటిగ్రిన్ అనే ప్రొటీన్లు దాన్ని పట్టుకుంటాయి. అలా పట్టుకున్న చోట ఇంటిగ్రిన్లు గుంపు కడతాయి, కణం లోపలి నుంచి యాక్టిన్ పోగులు వచ్చి ఆ గుంపుకు తగులుకుంటాయి. కణం వాటిని లాగి చూస్తుంది. ఎంత గట్టిగా లాగితే ఎంత జరిగింది అన్నదాన్ని బట్టి కేంద్రకంలో ఏ జన్యువులు తెరుచుకోవాలో నిర్ణయమవుతుంది. ఏ పట్టూ దొరకని కణం చాలా రకాల్లో తనను తానే చంపుకుంటుంది. అంటే పట్టు దొరకడం మొదటి మెట్టు, ఆ పట్టు ఇచ్చే సమాచారం రెండోది. మూలకణాల విషయంలో రెండోదే ఎక్కువ తిప్పలు పెడుతుంది.

ఉపరితలం మార్చే దారులు

ఈ పనికి అందరూ ముందు చేయి వేసేది ప్లాస్మా మీద. రక్తంలోని ప్లాస్మా కాదు, విద్యుత్ శక్తితో మెరిసే వాయువు. నిజానికి ప్రతి బయాలజీ ల్యాబ్‌లో కణాలు పెంచే ప్లాస్టిక్ డిష్ ఈ చికిత్స పొందినదే. మామూలు పాలిస్టైరీన్ మీద చాలా కణాలు నిలవవు. ఫ్యాక్టరీలోనే దాని పైపొరను విద్యుత్ ఉత్సర్గానికి గురిచేసి ఆక్సిజన్ గుంపులు ఎక్కిస్తారు. కరిగిపోయే పాలిమర్‌కీ అదే చేస్తారు. పొరను మూతపెట్టిన గదిలో ఉంచి, గాలి లాగేసి, కొద్దిగా ఆక్సిజనో, ఆర్గానో, అమ్మోనియానో వదిలి, రేడియో తరంగాల శక్తినిస్తారు. వాయువు మెరుస్తుంది. ఆ మెరుపులోని అయాన్లు, ఎలక్ట్రాన్లు పాలిమర్ పైపొరలోని బంధాలను తెంచుతాయి. తెగిన చోట ఆక్సిజన్, నైట్రోజన్ గుంపులు వచ్చి కూర్చుంటాయి. అర నిమిషం నుంచి కొన్ని నిమిషాలు చాలు. మార్పు జరిగేది పైన కొన్ని నానోమీటర్లలోనే, కాబట్టి పొర బలం పెద్దగా తగ్గదు. ద్రావకాలేవీ అక్కర్లేదు.

అయితే దీనికి మూడు చిక్కులున్నాయి. సన్నటి పోగుల చాపను ఎక్కువసేపు ఉంచితే పోగులే అరిగిపోతాయి. మందమైన స్పంజిలాంటి నిర్మాణమైతే ప్లాస్మా లోపలి రంధ్రాల దాకా సరిగ్గా చేరదు, పైన ఒకలా లోపల ఒకలా తయారవుతుంది. మూడోది ఎక్కువమంది పట్టించుకోనిది. ప్లాస్మా ఇచ్చిన గుణం నిలవదు. పాలిమర్ గొలుసులు కదులుతూనే ఉంటాయి, నీటిని ఇష్టపడే కొత్త గుంపులు గాలి తగిలే వైపు నుంచి మెల్లగా లోపలికి తిరిగిపోతాయి. పీసీఎల్ అయితే మామూలు గది వేడిలో కూడా దాని గొలుసులకు బాగా కదలిక ఉంటుంది, సున్నాకు దిగువన 60 డిగ్రీల దగ్గరే అది బిగుసుకుంటుంది. పీఎల్‌ఏ గొలుసులు 60 డిగ్రీల వేడి దాకా బిగుసుకునే ఉంటాయి కాబట్టి దానికి ఈ మరుపు నెమ్మది. ప్లాస్మా చేసిన రోజే కణాలు వేసి ఫలితం చూపించిన పరిశోధనను, ఆర్నెల్లు అలమరలో ఉన్న ప్యాకెట్‌కు వర్తింపజేయలేం. ప్లాస్మా చేసి ఎంతసేపటికి కణాలు వేశారు అన్నది రాయని పేపర్‌ను నేను సగమే నమ్ముతాను.

రెండో దారి క్షారం. సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో ముంచితే పైన ఉన్న ఎస్టర్ లంకెలు (పాలిమర్ గొలుసును కలిపి ఉంచేవి) తెగి ఆమ్ల గుంపులు, హైడ్రాక్సిల్ గుంపులు బయటపడతాయి. ఆలోచిస్తే, ఇది శరీరంలో రేపు జరగాల్సిన కరుగుదలను ఇవాళే పైపైన జరిపించడం. పీసీఎల్ గట్టి ద్రావణాన్ని కూడా తట్టుకుంటుంది. పీఎల్‌జీఏ పోగులకు అంత ఓపిక లేదు, చూస్తుండగానే సన్నబడిపోతాయి. డైఅమీన్లలో ముంచడం దీనికి సోదర పద్ధతి. అప్పుడు పైన అమీన్ గుంపులు వస్తాయి. వాటికి జెలటిన్, కొల్లాజెన్, కైటోసాన్ లాంటివి రసాయన బంధంతో అతికించవచ్చు. ఈ అతికింపుకు పాత రోజుల్లో గ్లుటరాల్డిహైడ్ ఎక్కువ వాడేవారు. అది మిగిలిపోతే కణాలకు విషం. ఇప్పుడు కార్బోడైఇమైడ్ రకాలవైపు మొగ్గు ఎక్కువ, అవి రెండు అణువులను కలిపి తాము పక్కకు తప్పుకుంటాయి.

మూడోది సముద్రం నుంచి వచ్చింది. మసెల్ అనే ఆల్చిప్ప జాతి జీవి అలల మధ్య తడి రాతిని గట్టిగా పట్టుకుంటుంది. దాని జిగురు ప్రొటీన్లలో డోపా అనే అమైనో ఆమ్లం దండిగా ఉంటుంది. 2007లో ఫిలిప్ మెసర్‌స్మిత్ బృందం డోపమీన్‌ను కొద్దిగా క్షార గుణం ఉన్న నీటిలో, పీహెచ్ 8.5 దగ్గర, కలిపి అందులో ఏ వస్తువును ముంచినా దాని మీద పల్చని పాలిడోపమీన్ పూత పడుతుందని చూపించింది. ఒక రోజులో 50 నానోమీటర్ల దాకా మందం వస్తుంది. టెఫ్లాన్ మీద కూడా పడుతుంది. ఆ పూత మీద ప్రొటీన్లు వాటంతట అవే అతుక్కుంటాయి. ఖరీదైన పరికరం ఏదీ అక్కర్లేదు, ఒక గిన్నె, ఒక రోజు ఓపిక చాలు. అందుకే మన దేశంలోని ల్యాబుల్లో కూడా ఇది బాగా పాకింది. కాకపోతే పూత గోధుమ రంగులో ఉంటుంది. ఎముకలో పెట్టే నిర్మాణానికి రంగుతో పనిలేదు. చూపుకు అడ్డంగా ఉండే కార్నియా మీద పెట్టేదానికి మాత్రం ఆలోచించుకోవాలి.

ఇక నాలుగోది, కణానికి కావాల్సిన పట్టునే నేరుగా ఇవ్వడం. 1984లో మైఖేల్ పియర్ష్‌బాకర్, ఎర్కి రువోస్లాహ్తి ఒక ఆశ్చర్యమైన విషయం బయటపెట్టారు. రెండు వేలకు పైగా అమైనో ఆమ్లాలున్న ఫైబ్రోనెక్టిన్ గొలుసులో కణం పట్టుకోవడానికి కీలకమైనది మూడే మూడు అమైనో ఆమ్లాలున్న ఒక చిన్న తునక. ఆర్జినీన్, గ్లైసీన్, ఆస్పార్టిక్ ఆమ్లం. వాటి గుర్తులను కలిపి ఆర్‌జీడీ అంటారు. దీంతో మొత్తం ప్రొటీన్ తెచ్చి పూసే అవసరం తగ్గింది. చిన్న పెప్టైడ్‌ను ల్యాబ్‌లో తయారుచేయవచ్చు, జంతువుల నుంచి తీయనక్కర్లేదు, ప్రొటీన్ లాగా రూపం చెడిపోయే భయమూ తక్కువ.

ఆర్‌జీడీ ఎంత దట్టంగా ఉండాలన్నదీ కొలిచారు. 1991లో స్టీఫెన్ మాసియా, జెఫ్రీ హబ్బెల్ చేసిన ప్రయోగాల్లో ఆర్‌జీడీల మధ్య దూరం 440 నానోమీటర్లు ఉన్నా కణం పరుచుకుంది. కానీ గట్టి పట్టు గుంపులు కట్టాలంటే ఆ దూరం 140కి తగ్గాల్సి వచ్చింది. ఆ తర్వాత జర్మనీలో జోకిమ్ స్పాట్జ్ బృందం బంగారు చుక్కల మీద ఒక్కో ఇంటిగ్రిన్‌కు ఒక్కో పట్టు చొప్పున క్రమంగా అమర్చి చూస్తే, 58 నానోమీటర్ల దగ్గర కణం బాగా పట్టుకుంది, 73 దగ్గర పట్టు సడలింది. పదిహేను నానోమీటర్ల తేడా. కణం దాన్ని గుర్తుపడుతుంది.

ఆర్‌జీడీకి ఉన్న లోపం, అది అందరినీ పిలుస్తుంది. మూలకణాలనూ పిలుస్తుంది, మచ్చ కట్టే ఫైబ్రోబ్లాస్టులనూ పిలుస్తుంది. పైగా అసలు ఫైబ్రోనెక్టిన్‌లో ఆర్‌జీడీ పక్కనే పట్టును బలపరిచే ఇంకో చిన్న భాగం ఉంటుంది, ఒట్టి ఆర్‌జీడీకి ఆ తోడు లేదు. అందుకే కొన్ని మూలకణాలకు లామినిన్, విట్రోనెక్టిన్ లాంటి పూర్తి ప్రొటీన్లే నయం అనిపిస్తాయి.

పట్టుకున్నది, పెరిగింది, కానీ మూలకణంగా మిగిలిందా?

నా ఉద్దేశంలో ఈ విషయమంతటికీ కీలకం ఈ ప్రశ్నే. ఏడో రోజుకు పూత ఉన్న పొర మీద కణాలు రెట్టింపు అయ్యాయి అన్న గ్రాఫ్ చూసి సంబరపడటం తేలిక. మూలకణం పని కణాల సంఖ్య పెంచడం ఒక్కటే కాదు. విడిపోయినప్పుడల్లా ఒకటి తనలాగే మిగలాలి, ఏళ్ల తరబడి. అది పోతే ఇవాళ నిండుగా కనిపించే పొర రేపు ఖాళీ అవుతుంది.

కంటి చికిత్సలో దీనికి గట్టి ఆధారం ఉంది. 2010లో ఇటలీ బృందం 112 మంది రోగుల ఫలితాలు ప్రచురించింది. మొత్తం మీద 76.6 శాతం మందికి కార్నియా బాగుపడింది. అతికించిన కణాల్లో కాలనీలు కట్టగలిగిన వాటిని తీసుకుని, వాటిలో పీ63 అనే గుర్తు ప్రొటీన్ బాగా మెరిసే కణాలు 3 శాతానికి మించి ఉన్న చోట విజయం ఎక్కువ, అంతకంటే తక్కువ ఉన్న చోట చాలా తక్కువ. ఎన్ని కణాలు పెట్టారన్నదాని కంటే వాటిలో అసలైన మూలకణాలు ఎన్ని అన్నదే ఫలితాన్ని నిర్ణయించింది. కాబట్టి ఒక కొత్త ఉపరితలాన్ని పరీక్షించేటప్పుడు కణాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి ఆపేస్తే అసలు పరీక్ష జరగనట్టే.

మూలకణం అలాగే మిగలాలా, మారిపోవాలా అన్నది రసాయనం ఒక్కటే చెప్పదు. 2004లో క్రిస్టఫర్ చెన్ బృందం ఎముక మజ్జ మూలకణాలను చిన్న చుక్కల మీద, పెద్ద చుక్కల మీద విడివిడిగా పెంచింది. చిన్న చుక్క మీద గుండ్రంగా ముడుచుకున్న కణం కొవ్వు కణం వైపు మళ్లింది. పెద్ద చుక్క మీద పరుచుకున్నది ఎముక వైపు వెళ్లింది. ద్రవం ఒకటే, పూత ఒకటే, పరుచుకునే చోటు మాత్రమే వేరు. 2006లో ఆడమ్ ఎంగ్లర్, డెన్నిస్ డిస్చర్ బృందం మెత్తదనాన్ని మార్చి చూసింది. గట్టిదనాన్ని కిలోపాస్కల్స్‌లో కొలుస్తారు. ఒక కిలోపాస్కల్ లోపు, మెదడంత మెత్తటి జెల్ మీద నాడీకణాల లక్షణాలు, 8 నుంచి 17 మధ్య కండరం లక్షణాలు, 25 నుంచి 40 మధ్య ఎముక లక్షణాలు కనిపించాయి.

ఈ అంకెలను పీఎల్‌జీఏ పక్కన పెట్టి చూస్తే గుండె గుభేలుమంటుంది. పీఎల్‌జీఏ పోగుల చాప గట్టిదనం మెగాపాస్కల్స్‌లో ఉంటుంది, అంటే ఈ కణజాలాల కంటే వందల, వేల రెట్లు. లింబస్ కార్నియా మధ్యభాగం కంటే మెత్తన. 2019లో ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్ బృందం ఈ తేడాయే అక్కడి మూలకణాలను మూలకణాలుగా ఉంచుతోందని, గట్టిచోటికి వెళ్లగానే అవి పరిణతి చెందిన కార్నియా కణాలుగా మారతాయని చూపించింది. పీఎల్‌జీఏ మీద ఐదు నానోమీటర్ల ఆర్‌జీడీ పూత వేస్తే రసాయనం మారుతుంది గానీ గట్టిదనం మారదు. కణం లాగి చూసేటప్పుడు కొన్ని మైక్రాన్ల లోతు దాకా తెలుసుకుంటుంది, ఆ పల్చని పూతను దాటి కింద ఉన్న గట్టి పోగు దానికి తగులుతుంది. మెత్తదనం ఇవ్వాలంటే జెల్ లాంటి పొర మైక్రాన్ల మందంలో ఉండాలి. ఉపరితలం అనగానే రసాయనం ఒక్కదాన్నే తలుచుకునే అలవాటు మానాల్సింది ఇక్కడే.

ఆకారం కూడా మాట్లాడుతుంది. గ్లాస్గోలో మాథ్యూ డాల్బీ బృందం 120 నానోమీటర్ల వెడల్పు, 100 నానోమీటర్ల లోతున్న గుంతలను పాలిమర్ మీద అచ్చు గుద్దింది. ఆ గుంతలను కచ్చితమైన చదరపు వరసల్లో కాకుండా కాస్త అటూ ఇటూ, 50 నానోమీటర్ల దాకా జరిపి పెడితే మూలకణాలు ఏ మందూ వేయకుండానే ఎముక వైపు మళ్లాయి. ఇది 2007 నాటి మాట. 2011లో అదే బృందం, ఈసారి పీసీఎల్ మీద, గుంతలను తీరైన చదరపు వరసల్లో పెడితే మూలకణాలు వారాల తరబడి మూలకణాలుగానే మిగిలాయని చూపించింది. ఒక్కో ప్రయోగంలో పదార్థం ఒకటే, రసాయనం ఒకటే. గుంతల వరస తీరు మారితే కణం భవిష్యత్తు మారింది. ఈ రంగంలో నాకు బాగా నచ్చిన ప్రయోగం ఇదే. పూత కరిగిపోతుందన్న బెంగ, ప్రొటీన్ చెడిపోతుందన్న బెంగ రెండూ లేవు.

ల్యాబ్ నుంచి మంచం దాకా

ఏ పూతైనా రోగి దాకా రావాలంటే ముందు స్టెరిలైజ్ కావాలి. ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల ఆవిరికి పీఎల్‌జీఏ నిలవదు, పీసీఎల్ 60 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. గామా కిరణాలు వాడితే పాలిమర్ గొలుసులు తెగి, ఆ పొర శరీరంలో అనుకున్న దానికంటే ముందే కరుగుతుంది. పైన ఉన్న ప్రొటీన్‌కూ దెబ్బ తగలొచ్చు. ఇథిలీన్ ఆక్సైడ్ వాయువు అవశేషాలు మిగలకుండా చూసుకోవాలి. ఆ తర్వాత నిల్వ. గాలిలోని తేమ కూడా పీఎల్‌జీఏని నెమ్మదిగా తింటుంది కాబట్టి పొడిగా, చల్లగా ఉంచాలి. స్టెరిలైజ్ చేయక ముందు పొర మీద కణాల పరీక్ష చేసి, చేశాక మళ్లీ చేయని పరిశోధన మధ్యలో ఆగిపోయిన పరిశోధన.

ఇంకో విషయం. ఉపరితలం అనేది ఇక్కడ స్థిరంగా ఉండదు. పొర కరుగుతున్న కొద్దీ మనం మార్చిన పైపొరే ముందు పోతుంది. కింద నుంచి మార్చని పాలిమర్ బయటపడుతుంది. కరుగుతూ ఆమ్లాలు వదులుతుంది, మందమైన నిర్మాణాల్లో అవి లోపలే పేరుకుని కరుగుదలను ఇంకా తొందరపెడతాయి. అందుకే పూత పని ఎంతకాలం అవసరమో ముందే అనుకోవాలి. కంటి విషయంలో కణాలు తునకల నుంచి పాకి కార్నియాను కప్పేసి, తమ కింద తామే పునాది పొర కట్టుకునే దాకా చాలు. ఆ తర్వాత అవి నిలబడేది తమ సొంత ప్రొటీన్ల మీద. మన పూత శాశ్వతంగా ఉండనక్కర్లేదు, ఆ మొదటి కొద్ది వారాలు నిజాయితీగా పనిచేస్తే సరి.

షెఫీల్డ్, హైదరాబాద్ బృందాలు 2013లో ప్రచురించిన పని నాకు అందుకే విలువైనదిగా కనిపిస్తుంది. పెప్టైడ్లు, ప్లాస్మా జోలికి పోకుండా, ఒట్టి పీఎల్‌జీఏ పోగుల పొర మీద లింబస్ తునకలను ఫిబ్రిన్ జిగురుతో అంటించి చూశారు. తునకల నుంచి కణాలు బయటికి పాకి పొర మీదకు వచ్చాయి. ఇక్కడ కణాలను ల్యాబ్‌లో విడదీసి వేయలేదు, తునక తన సొంత ప్రొటీన్లతో, తన పొరుగు కణాలతో సహా వచ్చింది. సర్జన్లకు ఎలాగూ అలవాటైన ఫిబ్రిన్ కూడా కణాలు పట్టుకోగలిగిన ప్రొటీనే. ఉపరితలం మార్చే పనిలో కొంత ఆపరేషన్ బల్ల మీదే జరిగిపోతోంది. ఆ తర్వాత కుందేళ్ల కళ్లలో ఈ పొర హాని చేస్తుందా అన్నది కూడా పరీక్షించారు. వాళ్లు ఇంకో ఆలోచన కూడా చేశారు. నిజమైన లింబస్‌లో మూలకణాలు చిన్న చిన్న మడతల్లో దాగి ఉంటాయి. అలాంటి సూక్ష్మమైన జేబులున్న వలయాన్ని పొర అంచున తయారుచేసి, కణాలకు ఆశ్రయం ఇవ్వాలని చూశారు. రసాయనం కంటే రూపానికి పెద్దపీట వేసిన దారి ఇది. చికిత్స మామూలు జిల్లా కేంద్రం దాకా రావాలంటే ఇలాంటి పొదుపైన ఆలోచనలకే అవకాశం ఎక్కువ అని నా నమ్మకం. ఐదు మెట్ల రసాయన చర్యతో తయారయ్యే పూతలో ప్రతి మెట్టుకూ అనుమతి కావాలి, ప్రతి బ్యాచ్‌కూ పరీక్ష కావాలి, ఆ ఖర్చంతా చివరికి రోగి బిల్లులోకే వస్తుంది.

ఒక కన్ను బాగుంటే ఇదంతా సాధ్యం. రెండు కళ్లూ కాలిన వారికి తీసుకోవడానికి సొంత లింబస్ ఉండదు. ఇంకొకరి కణాలు పెడితే శరీరం తిప్పికొట్టకుండా ఏళ్ల తరబడి మందులు వాడాలి. జపాన్‌లోని ఒసాకా విశ్వవిద్యాలయంలో కోజి నిషిడా బృందం ఐపీఎస్ కణాల (మామూలు కణాలను వెనక్కి మళ్లించి, ఏ కణంగానైనా మారగలిగేలా చేసినవి) నుంచి కార్నియా కణాల పొర తయారుచేసి 2019లో తొలిసారి మనిషి కంటికి అతికించింది. నలుగురు రోగుల ఫలితాలు 2024లో వచ్చాయి. ఆ ఐపీఎస్ కణాలను పెంచిన డిష్‌కు పూసింది లామినిన్ 511 తునక. లామినిన్ రకం మారితే అదే ఐపీఎస్ కణాలు కంటిలోని వేర్వేరు కణజాలాల వైపు మళ్లుతాయని జపాన్ పరిశోధకులే 2018లో చూపించారు. అంటే అక్కడ కూడా మొదటి నిర్ణయం తీసుకునేది పాత్ర అడుగున ఉన్న ఆ పల్చని ప్రొటీన్ పొరే. డిష్ గట్టి ప్లాస్టిక్ కాబట్టి పెరిగిన కణాల పొరను దాని నుంచి ఊడదీసి, చిరగకుండా, కంటి దాకా మోసుకెళ్లాలి. అదే లామినిన్‌ను కరిగిపోయే పొర మీద, తన రూపం చెడకుండా, స్టెరిలైజ్ చేశాక కూడా పనిచేసేలా నిలబెట్టగలిగితే ఊడదీసే పని ఉండదు, పొరతో సహా పెట్టేయవచ్చు.